అవెంటూరియా పేర్లను తెలుగులోకి తేవడం ఎలా

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్ర ధరించి, మాటలతోనే కథ నడుపుకునే ఆట ఒకటి 1984లో జర్మనీలో వచ్చింది. పేరు ‘దస్ ష్వార్త్సె ఔగె’, అంటే నల్లకన్ను. ఉల్రిష్ కీజో రూపొందించిన ఈ ఆటను మొదట ష్మిట్ ష్పీలె సంస్థ అచ్చువేసింది. ఇప్పుడు ఉలిసెస్ ష్పీలె ప్రచురిస్తోంది. కథలు జరిగే ఖండం అవెంటూరియా. నలభై ఏళ్ళుగా దానికి చరిత్ర, పంచాంగం, దేవతలు, వంశాలు, జంతువులు పోగుపడుతూనే ఉన్నాయి.

జర్మనీలో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో ఈ ఆట రుచి మరిగి, దాన్ని తెలుగు స్నేహితులతో తెలుగులో ఆడాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. నియమాల పుస్తకమంతా అనువదించనక్కర్లేదు. కథనం ఆట నడిపేవారు అప్పటికప్పుడు సొంత మాటల్లో చెప్పేస్తారు. పేర్లు మాత్రం వారం వారం తిరిగొస్తాయి, అందరి నోళ్ళలోనూ నలుగుతాయి. అందుకే పని పేర్లతో మొదలుపెట్టండి. ప్రతి పేరు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి: దీన్ని ఎవరు పిలుస్తున్నారు? పిలిచేటప్పుడు తెలుగు నాలుక ఎలా తిరుగుతుంది? కింద చెప్పేదంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు పట్టిక, తరువాతే అనువాదం

మీరు ఆడబోయే సాహసకథ ఒక్కటే తీసుకోండి. ఖండం మొత్తం మీద పడకండి. అందులో కనిపించిన ప్రతి పేరునూ జర్మన్ అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు ఒక నిలువు వరుసలో రాయండి. పక్కన అది దేవుడిదా, మనిషిదా, ఊరిదా, జాతిదా, జంతువుదా అన్నది గుర్తు పెట్టండి. దాని పక్కన ఎవరి నోట వస్తోందో రాయండి. తెలుగు రూపం కోసం చివరి వరుస ఖాళీగా ఉంచండి. జర్మన్ వర్తనిని ఎప్పటికీ చెరపకండి. అభిమానులు నడిపే ‘వికి అవెంటూరికా’ అనే విజ్ఞానకోశంలో ఏదైనా వెతకాలంటే మీ ఆటగాళ్ళకు ఆ వర్తని కావాలి.

చెవితో రాయండి

పట్టిక నిండాక ఒక్కో పేరునూ పైకి చదవండి. ఇంగ్లీషు అలవాటుతో చదివితే సగం పేర్లు చెడిపోతాయి. జర్మన్‌లో ‘జె’ అక్షరం పలికేది యకారంగా. ప్రేమకూ మధువుకూ అధిదేవత పేరు రాయా. అక్షరాలను చూసి ‘రాహ్జా’ అని రాస్తే ఆవిడ వేరే ఎవరో అయిపోతుంది. సామ్రాజ్ఞి పేరు రొహాయా. రెండు పేర్లలోనూ హకారం ఉంది. రాయాలో అది ముందున్న అచ్చును సాగదీసి ఊరుకుంటుంది, రొహాయాలో రెండు అచ్చుల మధ్య నిలిచి పలుకుతుంది.

ఈ పనికి తెలుగు లిపి చాలా అనువైనది. ఎ–ఏ, ఒ–ఓ తేడా మనకు అక్షరాల్లోనే ఉంది కాబట్టి జర్మన్ అచ్చుల నిడివిని ఉన్నదున్నట్టు చూపించవచ్చు. ఐ, ఔ అక్షరాలు సిద్ధంగా ఉన్నాయి. జర్మన్‌లో జకారం రాయాలంటే నాలుగు అక్షరాలు కలపాలి, ‘జిన్’ అనే చిన్న మాట కూడా పొడవాటి మాటలా కనిపిస్తుంది. మనకు ఒక్క అక్షరం చాలు. జర్మన్ ‘జెడ్’ అక్షరపు ధ్వని పాత నిఘంటువుల్లో ‘ౘ’గా అచ్చయ్యే దంత్య చకారమే: చాప, చుక్క, చలి అన్నప్పుడు మన నోట వచ్చేది. ఆ అక్షరం ఇప్పుడు చాలామందికి గుర్తులేదు కాబట్టి ‘త్స’ అని రాయండి. జననానికీ నవీకరణకూ దేవత అయిన త్సాను అలాగే రాయాలి.

ద్విత్వాల దగ్గర జాగ్రత్త. జర్మన్‌లో హల్లును రెండుసార్లు రాసేది ముందున్న అచ్చు పొట్టిదని చెప్పడానికే. తెలుగులో ద్విత్వం రాస్తే ఒత్తి పలుకుతాం. కమ్మరి దేవుడు ఇంగెరిమ్, సముద్ర దేవుడు ఎఫర్డ్. ‘ఎఫ్ఫర్డ్’ అని రాయకండి. జర్మన్లు పదం చివరి డకారాన్ని టకారంలా పలుకుతారు, అయినా నేను ‘డ్’నే ఉంచుతాను. మన విభక్తులు చేరి ‘ఎఫర్డుని’ అనగానే డకారం ఎలాగూ పైకి వస్తుంది. జర్మన్‌లోనూ వెనక అచ్చు చేరితే ఆ డకారం తిరిగి వినిపిస్తుంది.

చుక్కలు పెట్టిన అచ్చులకు మనకు అక్షరాలు లేవు. మాక్స్ ముల్లర్ అని నూరేళ్ళకు పైగా రాసుకుంటూ వచ్చిన భాష మనది, ఆ దారినే పోండి. ఒకటి ఎంచుకుని అన్నిచోట్లా అదే వాడండి.

దేవతల పేర్ల జోలికి పోకండి

అవెంటూరియాలో పన్నెండుమంది దేవతలను కొలుస్తారు: ప్రైయోస్, రోండ్రా, ఎఫర్డ్, ట్రావియా, బోరోన్, హెజిందె, ఫిరున్, త్సా, ఫెక్స్, పెరైనె, ఇంగెరిమ్, రాయా. ఈ పేర్లను అనువదించాలన్న ఆశ తెలుగువారికి బలంగా పుడుతుంది. సూర్యుడికీ ధర్మానికీ అధిపతి ప్రైయోస్‌ను సూర్యదేవుడనీ, మృత్యుదేవుడు బోరోన్‌ను యముడనీ, సింహాన్ని గుర్తుగా ధరించిన యుద్ధదేవత రోండ్రాను దుర్గ అనీ అనబుద్ధేస్తుంది. అనకండి. యముడు అనగానే దున్నపోతు, పాశం, చిత్రగుప్తుడు వెంట వస్తారు. బోరోన్ నిద్రకూ మౌనానికీ కూడా దేవుడు, ఆయన పక్షి మాలకాకి. రోండ్రా భక్తురాలు శత్రువును వెనకనుంచి పొడవదు. ఎదుట నిలిచి పోరాడమన్నదే ఆ దేవత ఆజ్ఞ. ఈ నియమమే కథలో చిక్కుముళ్ళు వేస్తుంది. దుర్గ అని పేరు పెట్టిన క్షణంలో ఆ ముడి జారిపోతుంది.

పోలిక వినేవారి మనసులో దానంతట అదే కలిగితే కలగనివ్వండి. కాకిని చూస్తే పితృదేవతలు గుర్తొచ్చే మన ఆటగాళ్ళకు బోరోన్ కాకి ఏమిటో వివరించి చెప్పనక్కర్లేదు.

ఈ పన్నెండు పేర్లలో ఒక పొందిక ఉంది. దేవుళ్ళు ఆరుగురి పేర్లూ హల్లుతో ముగుస్తాయి, దేవతలు ఆరుగురివీ అచ్చుతో ముగుస్తాయి. బస్సు, ఫోను అని అరువు మాటలకు ఉకారం చేర్చడం మనకు అలవాటే కానీ దాన్ని వీళ్ళకు వర్తింపజేసి ‘ఫెక్సు’, ‘బోరోను’ అంటే ఆ పొందిక పోతుంది, పైగా దేవుడు వస్తువులా వినిపిస్తాడు. వీళ్ళను హలంతంగానే ఉంచండి. ఇక బోరోన్‌ను ‘బోరాన్’ అని రాస్తే రసాయనశాస్త్రం పాఠంలోని మూలకం అయిపోతుంది. జర్మన్‌లో ఆ మూలకం పేరు ‘బోర్’ కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు. మనకు ఉంది, అందుకే ఓకారం తప్పనిసరి.

పన్నెండు నెలలకూ ఈ దేవతల పేర్లే. నెలకు ముప్ఫై రోజులు. ఏడాది చివర మిగిలే ఐదు రోజులు పన్నెండుమందిలో ఎవరికీ చెందవు. అవి పేరులేనివాడివి. పన్నెండుమందికీ శత్రువైన ఈ దేవుణ్ణి నిఘంటువు చూసి ‘అనామకుడు’ అంటే ఘోరంగా దెబ్బతింటారు. తెలుగులో అనామకుడంటే ఎవరికీ తెలియని, లెక్కలోకి రాని మనిషి. ఇక్కడ పేరు లేకపోవడమే భయం. ‘పేరులేనివాడు’ అని నేరుగా అనండి, ఆ ఐదింటినీ ‘పేరులేని రోజులు’ అనండి. చీకటి పడ్డాక బల్ల దగ్గర ఈ మాట అని చూస్తే ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది.

మనుషుల పేర్లు: ప్రాంతాన్ని బట్టి

అవెంటూరియాలో ఒక్కో ప్రాంతం పేర్లకు ఒక్కో స్వరం ఉంది. ఉత్తరాన టోర్వాల్ ఓడవీరులవి వైకింగుల పేర్లలా మోగుతాయి. ఎడారి జనమైన తులమీదుల పేర్లు అరబ్బీ, పారసీకాల ఛాయలో ఉంటాయి. బోర్న్‌లాండ్ పేర్లలో రష్యా వినిపిస్తుంది. హోరాస్ రాజ్యంలో ఇటలీ, ఫ్రాన్సు. పేరు వినగానే మనిషి ఊరు తెలియాలి, అందుకని మనుషుల పేర్లను అనువదించకూడదు. టోర్వాల్ వాళ్ళ పేర్ల చివర వచ్చే ‘సన్’, ‘డోటర్’లను కొడుకు, కూతురు అని మార్చకండి. తులమీదుల సుల్తాన్, వజీరు, జిన్ మాటలు ఉర్దూ ద్వారా ఎప్పుడో మన ఇంట్లోకి వచ్చినవే కాబట్టి వాటికి సంస్కృత పర్యాయాలు వెతకడం వృథా ప్రయాస. వజీరును ‘మహామాత్యుడు’ అంటే ఎడారి ఎగిరిపోయి విజయనగరం వస్తుంది.

బిరుదులు మాత్రం అనువదించాల్సిందే, వాటి స్థానమూ మారాలి. జర్మన్‌లో గుణాన్ని చెప్పే బిరుదు పేరు వెనక వస్తుంది. తెలుగులో మహామంత్రి తిమ్మరుసు, వికటకవి రామకృష్ణుడు అన్నట్టు ముందుకు రావాలి. రోహాల్ అనే మహామాంత్రికుడి బిరుదుకు అర్థం ‘వివేకి’. ‘రోహాల్ వివేకవంతుడు’ అంటే అది వాక్యమో పేరో తెలియదు. ‘ప్రాజ్ఞుడు రోహాల్’ అనండి, పేరుగా నిలబడుతుంది.

కులీన వంశాల పేర్ల దగ్గర కాస్త ఆగాలి. అన్స్విన్ ఫాన్ రాబెన్‌మున్డ్ అని ఒక రాజద్రోహి ఉన్నాడు. ఇంటిపేరుకు అర్థం చెబితే ‘కాకినోరు’. తెలుగులో అలా పెడితే సింహాసనానికి ఎసరు పెట్టినవాడు పగటివేషగాడిలా వినిపిస్తాడు. అర్థం మీద కథ ఆధారపడనంత వరకు వంశనామాన్ని ధ్వనితోనే ఉంచండి. జెండా మీద కాకి ఉందని వర్ణనలో ఒకసారి చెబితే సరిపోతుంది. మరి ‘ఫాన్’ సంగతి? అది ఫలానా ఊరివాడన్న గుర్తు. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊరిపేర్లే కాబట్టి దాన్ని తీసేసి ఊరిని ముందుకు తెచ్చి ‘గారెట్ రొహాయా’ అనాలని నాకూ ఉంటుంది. కానీ ‘ఫాన్’ వినగానే ఎదుట ఉన్నది కులీనులని ఆటగాళ్ళు గుర్తుపట్టి మర్యాదగా మాట్లాడడం మొదలుపెడతారు. ఆ ప్రయోజనం పెద్దది. ఉంచండి.

జాతులు: ఎవరు పిలుస్తున్నారు?

పట్టికలో ‘ఎవరి నోట’ అన్న వరుస అక్కరకొచ్చేది ఇక్కడే. అవెంటూరియాలో దాదాపు ప్రతి జాతికీ రెండు పేర్లుంటాయి: బయటివాళ్ళు పిలిచేది ఒకటి, వాళ్ళు తమను తాము పిలుచుకునేది ఇంకొకటి.

గనులూ కొలుములూ ఏలే పొట్టి జాతిని తీసుకోండి. మనుషులు వాళ్ళకు వాడే జర్మన్ మాటకు నిఘంటువు ‘మరుగుజ్జు’ అంటుంది. ఆ మాట మన మధ్య తిరిగే మనుషులను గుచ్చేది. ఒక వీరజాతికి అదే పేరుగా, వారం వారం, నవ్వుతూ వాడుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అదృష్టవశాత్తూ వాళ్ళకు సొంత పేరుంది: ఆంగ్రోషిమ్, ఆంగ్రోష్ బిడ్డలు. మనుషులు ఇంగెరిమ్ అనే దేవుణ్ణే వాళ్ళు ఆంగ్రోష్ అంటారు. ఒకే దేవుడు కదా అని పట్టికలో రెంటినీ కలపకండి. ఎవరు ఏ పేరుతో ప్రార్థిస్తున్నారన్నది కథలో భాగం. ఆంగ్రోషిమ్ అన్నది అప్పటికే బహువచనం, దానికి మళ్ళీ ‘లు’ చేర్చనక్కర్లేదు. ఒక్క మగవాడైతే ఆంగ్రోషో.

‘మంత్రగత్తె’ మరీ బరువైన మాట. చేతబడి అనుమానంతో మన పల్లెల్లో మనుషులను కొట్టి చంపిన వార్తలు చదివినవాళ్ళం. ఈ ఆటలో ఆ స్త్రీలు కథానాయికలు కాగలరు. తమను తాము తమ దేవత సతువారియా కూతుళ్ళుగా భావిస్తారు. అందుకని కథనంలో ‘సతువారియా కూతురు’ అనండి. ‘మంత్రగత్తె’ను దాచిపెట్టి, భయపడ్డ ఊరివాడి నోట, రాళ్ళు పట్టుకుని నిలబడినప్పుడు మాత్రం వాడండి. ఆ మాటకున్న బరువు అప్పుడు కథకు పనికొస్తుంది.

ఒళ్ళంతా బొచ్చుండే ఓర్కుల విషయమూ అంతే. మనుషులు వాళ్ళను ఏవగింపుగా ‘నల్లబొచ్చు’ అనీ, గోబ్లిన్లను ‘ఎర్రబొచ్చు’ అనీ అర్థం వచ్చేలా పిలుస్తారు. ‘కృష్ణరోమజాతి’ అని సంస్కృతీకరిస్తే తిట్టు కాస్తా బిరుదయిపోతుంది. సత్రం యజమాని చేత “నల్లబొచ్చుగాళ్ళు మళ్ళీ కదిలారట” అనిపించండి. అదే కబురు అడవిలోంచి వచ్చిన ఎల్ఫు జాతి వేగు తెస్తే “ఓర్కుల దండు కదిలింది” అనాలి. ఒకే కబురులో ఇద్దరు మనుషులు తెలిసిపోతారు.

ఎల్ఫులను గంధర్వులనో యక్షులనో అనకండి, ‘ఎల్ఫు’ అన్న మాటే ఉంచి ముందున్న భాగాన్ని అనువదించండి: ఏటిగట్టు ఎల్ఫులు, అడవి ఎల్ఫులు, మంచు ఎల్ఫులు. జాతిపేర్లు సామాన్య నామాలు కాబట్టి వీటికి ఉకారం చక్కగా అతుకుతుంది. ఓర్కు, ఓర్కులు, ఎల్ఫు, ఎల్ఫులు.

వచ్చారా, వచ్చాయా?

తెలుగు అనువాదకుడికి తప్పక ఎదురయ్యే మెట్టు ఇది. జర్మన్‌లో క్రియను చూసి వచ్చింది మనిషో జంతువో చెప్పలేం. మనకు ప్రతి వాక్యమూ తేల్చి చెప్పమంటుంది. ‘ఓర్కులు వచ్చారు’ అంటే వాళ్ళు మహద్వర్గం. ‘ఓర్కులు వచ్చాయి’ అంటే పశువులతో జమ. ఆట నడిపేవారు మొదటిరోజు ఏది అంటే ఆటగాళ్ళు ఆ జాతితో అలాగే ప్రవర్తిస్తారు. ‘వచ్చాయి’ అని విన్నవాళ్ళు కత్తి దూస్తారు, ‘వచ్చారు’ అని విన్నవాళ్ళు మాట్లాడి చూద్దామంటారు.

కాబట్టి పట్టికలో ఇంకో వరుస గీసి, ప్రతి జాతికీ క్రియాంతం రాసిపెట్టండి. నా లెక్క ఇది: భాష, తెగ, దేవుడు ఉన్నవాళ్ళకు ‘రు’. ఓర్కులకు తెగలున్నాయి, బ్రాజోరాగ్, టైరాఖ్ అనే దేవుళ్ళున్నారు. గోబ్లిన్లలో పూనకంతో దారి చూపే స్త్రీలున్నారు. వీళ్ళందరూ ‘వచ్చారు’. డ్రాగన్లలో పేరుండి మాట్లాడేవాటికి వ్యక్తిగా గౌరవమివ్వండి: పిర్డాకోర్ ‘అన్నాడు’, ‘చూశాడు’. గుహలో గుర్రుపెట్టే పేరులేని డ్రాగన్ ‘లేచింది’. ఊరివాళ్ళు మాత్రం ఓర్కులను కోపంగా ‘వచ్చాయి’ అనవచ్చు. జర్మన్ మూలంలో లేని ఈ సౌకర్యాన్ని మన భాష ఉచితంగా ఇస్తోంది, వదులుకోకండి.

జంతువులు, వింతప్రాణులు

ఇక్కడ చేతికి స్వేచ్ఛ ఇవ్వండి. జర్మన్ జంతునామాలు ఎక్కువగా సమాసాలు, వాటిలో ప్రధానమైన మాట చివర వస్తుంది. మన తత్పురుషంలోనూ అంతే. అందుకని గుహ డ్రాగన్, చెట్టు డ్రాగన్, కత్తికోరల పులి వంటివి ఏ తంటా లేకుండా దిగిపోతాయి.

ఒక ఉచ్చు ఉంది, దాన్ని దగ్గరగా చూడండి. చాలా డ్రాగన్ల పేర్ల చివర ‘వుర్మ్’ అని వస్తుంది. నేటి జర్మన్‌లో దాని అర్థం పురుగు. పాత జర్మన్‌లో పాము, డ్రాగన్ అని కూడా అర్థం. ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్ట్ నగరం నడిబొడ్డున రాతి ‘లిండ్‌వుర్మ్’ విగ్రహం ఉంది; నోట్లోంచి నీళ్ళు చిమ్మే రెక్కల డ్రాగన్ అది, దాన్ని చూసి ఎవరూ పురుగు అనరు. హిమనదాల మీద తిరిగే డ్రాగన్‌ను ‘మంచుపురుగు’ అంటే కథానాయకుడు చెప్పుకాలితో తొక్కబోతాడు. ‘మంచుపాము’ అనవచ్చు, ‘హిమసర్పం’ అనవచ్చు. ‘హిమపాము’ అనకూడదు. సంస్కృత పదానికి తెలుగు పదాన్ని అలా అతికిస్తే వైరిసమాసం, వ్యాకరణం తెలియనివాళ్ళ చెవికి కూడా గరుకుగా తగులుతుంది. ఆల్ప్స్ పల్లెల కథల్లోంచి వచ్చిన ‘టాట్సెల్‌వుర్మ్’ పేరులో ముందు భాగానికి పంజా అని అర్థం. ‘పంజాపాము’ అనండి, చూడని ప్రాణి కళ్ళకు కడుతుంది.

పురుగు అన్న మాట సరిగ్గా సరిపోయే చోటు వేరే ఉంది. సమాధుల్లో శవాలను తినే పెద్ద పురుగులాంటి ప్రాణి పేరు ‘గ్రుఫ్ట్‌అసెల్’. మొదటి ముక్కకు సమాధి గది అని అర్థం. రెండోది రాళ్ళ కింద, చెమ్మలో కనిపించే, ముట్టుకుంటే ముడుచుకునే చిన్న ప్రాణి. దానికి మనవైపు అందరికీ తెలిసిన మాట లేదు. రోకలిబండ అంటే కాళ్ళు ఎక్కువైపోతాయి. నేను ‘గోరీపురుగు’ అంటాను. నాలుగైదు అక్షరాల్లో చోటూ, ప్రాణీ, జుగుప్సా మూడూ వచ్చేశాయి.

అర్థం చెప్పని పేర్లను అలాగే వదిలేయండి. ముళ్ళు విసిరే ‘మోర్ఫు’ మోర్ఫుగానే భయపెడుతుంది. ప్రైయోస్ దూత అయిన సింహదేహపు గద్దతల ప్రాణిని గరుడుడనో శరభమనో అనకండి, ‘గ్రైఫ్’ చాలు.

పేరును కేకేసి చూడండి

చివరి వరుస నింపే ముందు ప్రతి పేరునూ నాలుగు విభక్తుల్లో పైకి అనండి: గోరీపురుగుని, గోరీపురుగుతో, గోరీపురుగుకి, గోరీపురుగులో. తడబడితే మార్చండి. తరువాత స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ప్రమాదం వచ్చినట్టు ఒక్కసారి కేకేయండి: “వెనక పంజాపాము!” అతను వెంటనే తిరిగి చూస్తే పేరు పనికొస్తుంది. ఏమన్నావని అడిగితే ఇంకొంచెం పని ఉంది.

ఆట సాగుతుండగా ఆటగాళ్ళే కొన్ని పేర్లను అరగదీసి కొత్త రూపం ఇస్తారు. అది మీ పట్టిక కన్నా బాగుంటే పట్టికనే దిద్దండి. మరీ మూలాన్ని విడిచి దూరం పోవద్దు. 1990లలో ఈ ప్రపంచపు కంప్యూటర్ ఆటలు ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు శీర్షికలో అవెంటూరియా కాస్తా ‘అర్కానియా’ అయింది. తరువాత ఆట పుస్తకాలు ఇంగ్లీషులో వచ్చేటప్పుడు మళ్ళీ అవెంటూరియాకే రావలసి వచ్చింది. మధ్యకాలంలో ఆ ఆటలు ఆడినవారికి రెండూ ఒకటేనని విడిగా చెప్పాల్సి వచ్చేది.

మీ బల్ల దగ్గర వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పట్టికను, కథను నలుగురికీ పంచాలన్నా అమ్మాలన్నా సంగతి వేరు: పేర్లూ ప్రపంచమూ హక్కుదారుల సొత్తు. అభిమానుల రచనల కోసం ఉలిసెస్ ‘స్క్రిప్టోరియుమ్ అవెంటూరిస్’ అనే వేదిక నడుపుతోంది. ముందు దాని నిబంధనలు చదవండి, తెలుగు అనువాదం గురించి సంస్థకు నేరుగా ఉత్తరం రాసి అడగండి. ఉత్తరంతో పాటు మీ పట్టికలోంచి ఒక పుట జతచేసి, ప్రతి తెలుగు పేరు కిందా దాని అర్థం జర్మన్‌లో రాసి పంపండి.